కొత్త బండికి పాత ముఖం పెడితే సరిపోదు

ఆదివారం పొద్దున్నే భీమిలి దాకా వెళ్ళి టిఫిన్ తిని వచ్చే బ్యాచ్ ఒకటి ఉంది మాకు. అక్కడ ఎవరో ఒకరు ఫోను తీసి యమహా వాళ్ళ పాత బండి ఆర్ఎక్స్ 100 మళ్ళీ వస్తోందంటూ ఓ బొమ్మ చూపించడం మామూలైపోయింది. ఆ పేరు మళ్ళీ వాడతామని, పాత 100 సీసీ టూ స్ట్రోక్ మాత్రం రాదని 2022లో యమహా ఇండియా అధిపతి చెప్పినప్పటి నుంచి ఈ బొమ్మలకు అంతు లేదు. కంప్యూటర్లో తయారుచేసినవే అన్నీ. అదే నాజూకైన ట్యాంకు, అదే గుండ్రటి హెడ్‌లైటు, మెరిసే మడ్‌గార్డులు, ముందు చక్రానికి డిస్కు. ట్యాంకు ఎరుపు బాగుంటుందా నలుపు బాగుంటుందా అని ఇడ్లీలు చల్లారేదాకా చర్చ. బరువెంత ఉంటుంది, దారిలో ఆగిపోతే మనం విప్పి చూసుకోగలమా అని ఎవరూ అడగరు.

మొన్న నేను అడిగాను. "ముందు లుక్ చూడండంకుల్" అన్నాడు ఒక కుర్రాడు. లుక్ దగ్గరే మనందరం ఆగిపోతున్నామని నా బాధ. ఈ వ్యాసం ఆ కుర్రాడికి జవాబు.

పాత బళ్ళలో తిరిగి తెచ్చుకోదగ్గవి నా లెక్కలో రెండే. ఒకటి తేలిక. రెండోది మన చేత్తో, మన వీధి మెకానిక్ చేత్తో బాగుచేసుకునే వీలు. కంపెనీలు ఆ రెండూ వదిలేసి, పోతే పోనీ అనుకోదగ్గ పైవేషాన్ని మాత్రం తిరిగి తెచ్చాయి. అదనంగా డబ్బులిచ్చి మనం దాన్నే కొనుక్కుంటున్నాం.

నా ఇంట్లో రెండు కాలాల బళ్ళూ ఉన్నాయి. మా అన్నయ్య 1994లో కొన్న ఆర్ఎక్స్ 100 ఒకటి. నేను కొన్నేళ్ళ కిందట కొన్న, పాత ముఖం పెట్టుకున్న 350 సీసీ బండి ఇంకొకటి. రెండిటినీ నడుపుతాను, రెండిటి మీదా ప్రేమ ఉంది. అందుకే ఏది ఎక్కడ తగ్గిందో చెప్పాలనిపిస్తోంది.

ఉప్పుగాలికి ముందు దొరికేది

విశాఖలో బండి వయసు తెలుసుకోవడానికి ఆర్సీ అక్కర్లేదు, క్రోము చూస్తే చాలు. పెదవాల్తేరులోనో, లాసన్స్ బే కాలనీలోనో సముద్రానికి దగ్గరగా ఉన్న ఇంటి ముందు రెండు వానాకాలాలు నిలబెట్టిన బండిని వంగి చూడండి. మడ్‌గార్డు లోపలి అంచున, స్పోకు రిమ్ములో దూరే చోట, సైలెన్సర్ అడుగున ముందు చిన్న గోధుమ రంగు చుక్కలు కనిపిస్తాయి. క్రోము పూత చాలా పల్చటిది. దానిలో కంటికి కనపడని సన్నటి రంధ్రాలుంటాయి. ఉప్పు తేమ వాటిలోంచి దిగి కింద ఉన్న ఉక్కును తింటుంది. పైన మెరుపు అలాగే ఉండగానే కింద పొర లేచి బొబ్బ కడుతుంది. గోరుతో గీకితే రేకులా ఊడి వస్తుంది. ఇక పోర్టు వైపు ఉన్నవాళ్ళకైతే ఉప్పుతో పాటు బొగ్గు ధూళి, ఇనుప ఖనిజం ధూళి కూడా చేరతాయి.

మా ఆర్ఎక్స్ 100కి క్రోము ఇప్పటికి రెండు తరాలు మారింది. దాని ఇంజిన్ కేసింగ్ అల్యూమినియం కాబట్టి తెల్లబడింది గానీ ఇప్పటికీ గట్టిగానే ఉంది. అంటే ఆ బండిలో ఈ ఊరు తట్టుకోలేకపోయినది మెరుపు ఒక్కటే. ఇప్పుడు రెట్రో, అంటే పాత పోలిక, పేరుతో అమ్ముతున్నది ఆ మెరుపునే. షోరూం లైట్ల కింద అది ఎంత బాగుంటుందో నాకూ తెలుసు. మ్యాట్ నలుపు వేసిన అలాయ్ చక్రాల బండిని దాని పక్కన పెట్టి రెండేళ్ళ తర్వాత చూస్తే ఏది కొత్తగా ఉంటుందో బీచ్ రోడ్డు పక్కన కాపురం ఉండే ఎవరినైనా అడగండి.

స్పోకు చక్రాలతో ఇంకో చిక్కుంది. దీన్ని ఎవరూ పట్టించుకోరు. పాత అందం కోసం స్పోకులు పెట్టిన రెట్రో బళ్ళలో చాలావాటికి టైరు లోపల ట్యూబు ఉంటుంది. మేకు దిగితే గాలి ఒక్కసారిగా పోతుంది. చక్రం విప్పాలి, ట్యూబు బయటికి లాగాలి, అతుకు వేయాలి. అదే అలాయ్ చక్రం, ట్యూబ్‌లెస్ టైరు అయితే మేకు పీకి ప్లగ్గు కొట్టి, గాలి పట్టి వెళ్ళిపోవచ్చు. అనంతగిరి మలుపుల్లో వెనక చక్రం పంక్చరైన వాడికి ఈ తేడా నేను వివరించక్కర్లేదు.

బరువు సంగతి

1985లో ఎస్కార్ట్స్ వాళ్ళు యమహాతో కలిసి తెచ్చిన ఆర్ఎక్స్ 100 బరువు 103 కిలోల చిల్లర. 98 సీసీ ఇంజిన్, 11 హార్స్‌పవర్. ఇవాళ దేశంలో అందరూ ముచ్చటపడే రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 బరువు 195 కిలోలు, హార్స్‌పవర్ 20కి కాస్త పైన. భాగించి చూడండి. టన్ను బరువుకు ఎన్ని హార్స్‌పవర్లో లెక్కేస్తే ఆర్ఎక్స్‌కు 107 దాకా వస్తుంది, 350కి 104 దగ్గర ఆగుతుంది. మూడున్నర రెట్ల ఇంజిన్ పెట్టి, దాదాపు రెట్టింపు శక్తి తీసి, దాన్నంతా బండి తన ఒళ్ళు మోసుకోవడానికే ఖర్చు పెట్టుకుంది. మనిషి ఎక్కాక లెక్క మారుతుంది. డెబ్బై కిలోల మనిషిని కలిపితే 350 ముందుకెళ్తుంది, దాని లాగుడు బలం కూడా వేరు. ఆ మాట ఒప్పుకోవాలి. నేనంటున్నది మాత్రం పరుగు గురించి కాదు. ఇంజిన్ ఆపేశాక ఆ బండితో మన బతుకు ఎలా ఉంటుందన్నది.

మా ఇల్లు తాటిచెట్లపాలెం వైపు కొండవాలులో ఉంది. ఈ ఊళ్ళో అలాంటి వీధులు ఎన్నో, అరిలోవలో, కైలాసపురంలో. ఇంటి ముందు ఏటవాలు, గేటు దగ్గర సిమెంటు ర్యాంపు, లోపల రెండు బళ్ళు పట్టే జాగా. మా పక్కింటాయన పోర్టులో చేసి రిటైరైన మనిషి. 2025 సెప్టెంబరులో 350 సీసీ లోపు బళ్ళ మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గగానే చిరకాల కోరిక తీర్చుకున్నారు. మంచి బండే, ఆయన మురిపెం చూస్తే నాకూ సంతోషమే. కానీ రాత్రి దాన్ని లోపలికి ఎక్కించాలంటే ఆయన హ్యాండిల్ పట్టుకోవాలి, వెనక నుంచి పిన్నిగారు తొయ్యాలి. వాన పడిన రోజు ర్యాంపు మీద కాలు జారుతుంది. ఇప్పుడు బండి కింద కిరాణా కొట్టు ముందు ఉంటోంది, నెలకింత అని ఇచ్చి. నా ఆర్ఎక్స్‌ను మా అమ్మాయి ఒక్కతే లోపలికి ఎక్కిస్తుంది.

హుద్‌హుద్ తుఫాను మర్నాడు, 2014 అక్టోబరు 13న, ఈ ఊళ్ళో ఉన్నవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. ఏ రోడ్డు చూసినా చెట్లే. కరెంటు లేదు, ఫోను లేదు. సీతమ్మధారలో ఉన్న మా అత్తయ్యగారు ఎలా ఉన్నారో తెలియక ఆర్ఎక్స్ వేసుకుని బయలుదేరాను. అడ్డం పడిన మాను దగ్గరికి రాగానే ఆపడం, ఎవరో తెలియని మనిషి వెనక క్యారియర్ పట్టుకోవడం, నేను ముందు ఫోర్కులు పట్టుకోవడం, ఎత్తి అవతల పెట్టడం. దారి పొడవునా అదే పని. పెద్ద బళ్ళ వాళ్ళు మాను ఇవతలే ఆపేసి నడిచి వెళ్ళారు. తుఫాను రోజుకో బండి కొనుక్కోమని నేననను. అయితే తేలిక అన్నది కాగితం మీద అంకె మాత్రమే కాదని ఆ రోజు చేతులతో తెలుసుకున్నాను.

దీనికి మా బ్యాచ్‌లో వచ్చే మొదటి అభ్యంతరం, పాత బుల్లెట్ మాత్రం తేలికా అని. కాదు, అదీ బరువే, ఇప్పటి దానికన్నా కొంత తక్కువ. నేను పాత బళ్ళన్నీ గొప్పవి అనడం లేదు, వాటిలో గొప్పదేదో దాన్ని తీసుకోమంటున్నాను. రెండో అభ్యంతరం, పొల్యూషన్ నిబంధనల వల్ల, ఏబీఎస్ (గట్టిగా బ్రేకు నొక్కినా చక్రం బిగుసుకోకుండా చూసే ఏర్పాటు) వల్ల బరువు పెరగక తప్పదని. కొంత నిజం. కానీ అదే బీఎస్6 నిబంధనల కింద, ఫ్యూయల్ ఇంజెక్షన్‌తో, స్ప్లెండర్ ఇవాళ కూడా 112 కిలోల దగ్గరే ఉంది, పైగా కిక్ రాడ్డుతో సహా. మరి 195 ఎక్కడి నుంచి వచ్చింది? మందపాటి ఉక్కు మడ్‌గార్డులు, పెద్ద ఫ్రేము, పెద్ద ఇంజిన్, బరువుంటేనే దర్జా అన్న మన నమ్మకం. ఇందులో చివరిదానికి కంపెనీని అనలేం.

మూడో మాట మాత్రం నన్ను ఆలోచనలో పడేస్తుంది. శ్రీకాకుళం హైవే మీద 90లో వెళ్తుంటే, పక్క నుంచి లారీ దూసుకుపోయినప్పుడు, బరువైన బండి కదలదు. మా ఆవిడ వెనక కూర్చుంటే 350 మీదే కూర్చుంటానంటుంది, ఆర్ఎక్స్ మీద భయమంటుంది. దూర ప్రయాణాలే ఎక్కువగా చేసేవాళ్ళకు నా వాదన అంతగా వర్తించదేమో. అయితే మనలో ఎంతమంది రోజూ శ్రీకాకుళం వెళ్తున్నారు? మద్దిలపాలెం నుంచి గాజువాక డ్యూటీకి వెళ్ళి రావడం, ఎన్‌ఏడీ దగ్గర ట్రాఫిక్‌లో క్లచ్ పట్టుకుని నిలబడడం, పూర్ణా మార్కెట్ సందులో బండి వెనక్కి తిప్పుకోవడం. మన రోజు గడిచేది అక్కడ.

బ్రేకుల దగ్గర నాకు పేచీ లేదు

ఈ ఒక్క విషయంలో పాత బళ్ళను వెనకేసుకొచ్చే వాళ్ళతో నేను కలవను. ఆర్ఎక్స్ 100కి రెండు వైపులా డ్రమ్ములే. అంత చురుకైన ఇంజిన్‌కు ఆ బ్రేకులు ఆ రోజుల్లోనూ చాలవు. హెడ్‌లైటు సంగతి చెప్పనక్కర్లేదు, యాక్సిలరేటర్ వదిలితే వెలుగు కూడా తగ్గుతుంది. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన ప్రతి బండికీ ఏబీఎస్ ఉండాలన్నారు, చాలా మంచి పని చేశారు. రుషికొండ దగ్గర వాన తుంపర్లలో నా 350 ముందుకు హఠాత్తుగా ఆవు వచ్చింది. లివరు గట్టిగా నొక్కేశాను. వేళ్ళ కింద టకటకమని కొట్టుకుంది, చక్రం బిగుసుకోలేదు, బండి తిన్నగా నిలబడింది. అదే చోట ఆర్ఎక్స్ మీద ఉంటే పడేవాణ్ణి. సందేహం లేదు.

కాబట్టి ఇరవై రెండేళ్ళ మేనల్లుడు వచ్చి, మామయ్యా, కంచరపాలెంలో ఆర్ఎక్స్ ఒకటి అమ్మకానికి ఉంది, రోజూ కాలేజీకి తిప్పుతాను అంటే వద్దనే చెప్పాను. లక్ష దాటి అడుగుతున్నారు దానికి. కొత్త క్రోము, కొత్త స్టిక్కర్లు, లోపల ఏ పిస్టన్ ఉందో దేవుడికెరుక. ఇరవై ఏళ్ళు దాటిన బండికి రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఫీజు 2025లో 2000 రూపాయలు చేశారు. పెట్రోల్‌లో ఇప్పుడు ఇరవై శాతం ఇథనాల్. అది నీటిని పీల్చుకుంటుంది, మన ఊరి గాలిలో నీటికి కొదవ లేదు, పాత కార్బరేటర్‌లో రబ్బరు సీళ్ళు దానికోసం చేసినవి కావు. నాలుగు వారాలు నడపకుండా ఉంచితే ట్యాంకు అడుగున ఏముంటుందో ఒకసారి వంచి చూడాల్సిందే. ఇంత చాకిరీ ఇష్టపడి చేసేవాడికి పాత బండి. తొమ్మిదింటికి క్లాసులో ఉండాల్సిన వాడికి కాదు. ఇక కొందరు సైలెన్సర్ మార్చి వీధంతా అదరగొట్టి, పాత బండి ప్రేమికులం అని చెప్పుకుంటారు. ఆ సైలెన్సర్లను పోలీసులు రోడ్ రోలర్‌తో తొక్కిస్తే నాకు ఏమాత్రం జాలి లేదు.

టైడా దాటాక ఆగిన బండి

బాగుచేసుకునే వీలు అన్నానే, దాని గురించి. ఒక ఆగస్టులో నేనూ మా స్నేహితుడూ అరకు బయలుదేరాం. ఆయనది కొత్త బండి, ఏడాది కూడా నిండలేదు, కంపెనీ పేరు అనవసరం. టైడా దాటాక టీకి ఆగి, మళ్ళీ స్టార్ట్ చేశాం. ఇంజిన్ చక్కగా తిరుగుతోంది. ఫస్ట్ గేరు వేయగానే టప్పున ఆగిపోయింది. న్యూట్రల్‌లో మళ్ళీ స్టార్టయింది. గేరు వేస్తే మళ్ళీ ఆగింది. సైడ్ స్టాండు ఎత్తే ఉంది. మీటరులో స్టాండు గుర్తు మాత్రం వెలుగుతూనే ఉంది.

టీ కొట్టు దగ్గర నలుగురు పోగయ్యారు. కంపెనీ హెల్ప్‌లైనుకు సిగ్నల్ దొరికే మలుపు దాకా నడిచి ఫోను చేస్తే, విశాఖ నుంచి మనిషి రావాలి, సాయంత్రమవుతుంది అన్నారు. చివరికి ఒక గూడ్స్ ఆటోలో ఎక్కించి ఎస్. కోట (శృంగవరపుకోట) దాకా తెచ్చుకున్నాం. తర్వాత సర్వీస్ సెంటర్లో తేలింది ఏమంటే, స్టాండు దగ్గరుండే చిన్న స్విచ్చి కనెక్టర్‌లో బురద నీళ్ళు చేరాయి. స్టాండు కిందికే ఉందని బండిలోని కంప్యూటర్ అనుకుంది, గేరు పడగానే ఇంజిన్ ఆపేసింది. మొత్తం జబ్బు అంతే.

ఆ ఏర్పాటు తప్పని నేననను. స్టాండు తీయకుండా ఎడమకు తిరిగి పడినవాళ్ళను కళ్ళారా చూశాను, అది ప్రాణాలు కాపాడే స్విచ్చి. నా కోపం వేరే. ఆ కనెక్టర్ ఎక్కడుంటుందో, దాన్ని విప్పి గుడ్డతో తుడిచి పెట్టుకోవచ్చని ఎక్కడా రాయలేదు. బండితో ఇచ్చిన పుస్తకం తిరగేస్తే ప్రతి పేజీలోనూ డీలరును సంప్రదించండి అనే ఉంది. పాత బుల్లెట్‌తో వచ్చిన పుస్తకంలో టాపెట్ల సందు ఎలా సరిచేసుకోవాలో, పాయింటు ఎలా శుభ్రం చేసుకోవాలో రాసి ఉండేది. బండి యజమానికి బుర్ర ఉంటుందని, చేతులుంటాయని నమ్మి రాసిన పుస్తకం అది. ఇదే దారిలో ఒకసారి మా ఆర్ఎక్స్ క్లచ్ వైరు తెగితే, శృంగవరపుకోటలో ఒక సైకిల్ షాపతను పాత వైరు కొసకు కొత్త నిప్పిల్ బిగించి అరగంటలో పంపించాడు.

ఇదంతా మా మెకానిక్ దగ్గర చెప్పి వాపోతే ఆయన ఒప్పుకోలేదు. కంచరపాలెంలో ఎన్నో ఏళ్ళుగా షాపు ఆయనది. "పాత బండి చేతికి అలుసు సార్, నిజమే. మరి ఎన్నిసార్లు పాడయ్యేది? వానొస్తే ప్లగ్గు, చలొస్తే చోక్, రెండు నెలలకోసారి కార్బరేటర్. ఇంజెక్షన్ బండి ఏటికోసారి ఆయిలు మార్చుకోడానికే వస్తంది. దానికేటి అయింది, బంగారం లాగుంటాది. నాకు పని తగ్గిపోయింది గానీ, మీకు సుఖమే కదా" అన్నాడు. ఆ మాట నిజం. నా 350 ఇప్పటిదాకా నన్ను దారిలో నిలబెట్టలేదు. పాతదైతే నిలబెట్టిన చోట్లు చాలానే ఉన్నాయి.

అయినా నా అభిప్రాయం మారలేదు, కారణం కూడా ఆయన షాపులోనే కనిపించింది. ఆయన కొడుకు ఒక స్కానర్ కొన్నాడు. సీటు కింద సాకెట్‌కు తగిలించి, తెర మీద జబ్బు చెప్పే కోడ్ చదివి, ఆ సెన్సార్ వైర్లు ఏ దారిన వెళ్తాయో వేలితో వెతుక్కుంటూ పోతాడు. కొన్ని బళ్ళకైతే స్కానర్ కూడా అక్కర్లేదు, చెక్ ఇంజిన్ లైటు ఎన్నిసార్లు మెరిసిందో లెక్కపెట్టి జబ్బు చెప్పేస్తాడు. పదో తరగతితో చదువు ఆపిన పిల్లవాడు. కొత్త బండి మన చేతికి అందనంత క్లిష్టమైనదేమీ కాదని వాడు రోజూ రుజువు చేస్తున్నాడు. అందకుండా చేస్తున్నది ఒక్కటే, వైరింగ్ డయాగ్రామ్ బయటికి ఇవ్వకపోవడం. అది లేక వాడు ఒక గంట పనికి మూడు గంటలు వెతుకుతాడు.

ఇప్పుడు ఏం అడగాలి

తేలిక విషయంలో కొంచెం ఆశ పుట్టింది. 2025 చివర్లో యమహా ఎక్స్ఎస్ఆర్ 155ను మన దేశంలోకి తెచ్చింది. గుండ్రటి హెడ్‌లైటు, పాత పోలిక, కానీ 137 కిలోలే. అలాయ్ చక్రాలు, రెండు చక్రాలకూ డిస్కు, ఏబీఎస్. ఆ ముఖం లేకపోయినా నేను దాన్ని మెచ్చుకునేవాణ్ణి. మా భీమిలి బ్యాచ్‌లో మాత్రం 155 సీసీయేనా అని పెదవి విరిచారు. ఒకప్పుడు 98 సీసీ బండిని దేవుడిలా చూసినవాళ్ళే, సీసీ అంకె చూసి కొనడానికి అలవాటు పడిపోయారు. ఆ అలవాటు పోతే తప్ప కంపెనీలు తేలిక బళ్ళు చెయ్యవు. షోరూముకి వెళ్ళినప్పుడు సీసీ ఎంత అని అడిగే ముందు, బండిని స్టాండు తీసి కాస్త వెనక్కి తొయ్యనివ్వండి అని అడగండి. వాలు ఉన్న చోట అయితే మరీ మంచిది.

రెండోదానికి కంపెనీల మంచితనం మీద ఆధారపడక్కర్లేదు. 2022 డిసెంబరులో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ రైట్ టు రిపేర్ (బాగుచేసుకునే హక్కు) పోర్టల్ తెరిచింది. ఫోన్లు, గృహోపకరణాలు, వ్యవసాయ పరికరాలతో పాటు వాహనాలు కూడా అందులో ఉన్నాయి. కంపెనీలు తమ మాన్యువళ్ళు, విడిభాగాల వివరాలు అక్కడ ఇవ్వాలన్నది ఉద్దేశం. బండి కొన్న ప్రతివాడికీ వైరింగ్ డయాగ్రామ్, కోడ్‌ల పట్టిక, సెన్సార్లు ఎక్కడెక్కడున్నాయో చూపించే ఒక బొమ్మ ఇస్తే చాలు. ఇందుకు కొత్త ఫ్యాక్టరీ కట్టక్కర్లేదు, నాలుగు కాగితాలు. కిక్ రాడ్డు కూడా పెడితే ఇంకా సంతోషిస్తాను, అది లేకపోయినా బతకొచ్చు.

మా స్నేహితుడి చేత ఆ స్టాండు స్విచ్చి డయాగ్రామ్ కావాలని కంపెనీకి మెయిల్ పెట్టించాను. బండిని దగ్గర్లోని సర్వీస్ సెంటర్‌కు తీసుకురండి అని జవాబొచ్చింది. ఈ వారం అదే మెయిల్ మళ్ళీ పంపిస్తున్నాం, వినియోగదారుల శాఖకు ఒక కాపీ పెట్టి.